ఎడమ చెవిలో షేకర్

అక్టోబరు 6, ఆదివారం

చర్చి నుంచి వచ్చి రాస్తున్నాను. ఈ ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది నాకొక్కడికే. బైబిలు చదువుకోవాలని తాత నేర్చుకున్నాడు, ఆయన దగ్గర నేను నేర్చుకున్నాను. అమ్మకు చదువే లేదు. నా పెళ్లాం మలర్ చదివింది తమిళం. నోరు తెరిస్తే అందరం తెలుగే, కానీ ఈ పుస్తకం ఎవరి చేతిలో పడినా కోడిగీతలే. కాబట్టి భయం లేకుండా రాయొచ్చు.

ఇవాళ కుడి చెయ్యి పైకి లేవనే లేదు. మలరే చొక్కా తొడిగింది. భుజం బిగుసుకుపోయిందనీ, తగ్గడానికి ఏడాది పట్టొచ్చనీ డాక్టరు అన్నాడు. చేతినే నమ్ముకున్నవాడితో ఎంత సులువుగా అనేశాడో!

రేపటి నుంచి షణ్ముగప్రియ రికార్డింగు. మదురై పిల్ల, పాటలు కట్టి పాడుతుంది, ఈ మధ్య బాగా పేరొచ్చింది. పది పాటలట. ఆ తరువాత మదురైలో మొదలుపెట్టి ఊరూరా కచేరీలు. పాటల్లోనూ స్టేజీ మీదా షేకర్‌కు, అదే గింజలు పోసి ఊపే బుర్రకు, ఒకే చెయ్యి ఉండాలంటోంది. మోహన్‌రాజ్ స్టూడియోలో ఇన్నేళ్లుగా ఆ చెయ్యి నాదే. డోలక్ పోయింది, డప్పు పోయింది, తబలా పోయింది, అన్నిటినీ కీబోర్డు మింగేసింది. షేకర్ ఒక్కటి మిగిలింది. మెషీన్‌లోంచి వచ్చే షేకర్‌కు ఊపిరి ఉండదు, ఎవడి చెవికైనా తెలిసిపోతుంది. ఇది కూడా పోతే నేను పెళ్లిళ్లలో ప్లేట్లు కడగాలి.

అక్టోబరు 7

ఎడమ చేత్తో వాయించాను. ఎవరూ ఏమీ అనలేదు. బాగానే వచ్చింది.

అక్టోబరు 9, బుధవారం

షణ్ముగప్రియకు కొత్త ఆలోచన పుట్టింది. ఒకే మనిషి రెండుసార్లు వాయించి, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి వినిపించేలా వేయడం మామూలు. ఆమెకు అలా వద్దట. ఇద్దరు వేరు వేరు మనుషులు వాయించాలట. "రెండు చేతులు కొంచిం తేడాగా ఉండల్ల అన్నా. అప్పుడుదా పాట వెడల్పుగా వస్తుంది" అంది. వాళ్ల ఇంట్లోనూ తెలుగే, మాలాగే 'అప్పుడే' అనడానికి 'అప్పుడుదా' అనే తెలుగు.

రెండో చెయ్యి ఎక్కడి నుంచి తేవాలి? మోహన్‌రాజ్ ఎవరో కుర్రాడి పేరు చెప్పబోయాడు. నేను అందుకుని, "ఏమిటికి తంబీ బయటి మనిషి? మా మలర్ ఉండాది కద. చర్చిలో కంజీర కొడతాది. తాళం తప్పదు" అన్నాను.

ఇక్కడ నిజం రాసుకుంటాను. బయటివాడు వస్తే కుర్చీ వదలడు. పెళ్లామైతే ఆ బాధ లేదు. తను వాయించేది పక్కన పెడితే నా ఎడమ చెయ్యి కూడా బంగారంలా వినిపిస్తుంది. ఇందులో తప్పేముంది? నాలుగు రూపాయలు ఇంటికే కదా వచ్చేది.

అక్టోబరు 10

మలర్ బేకరీ షిఫ్టు ముగించుకుని స్టూడియోకి వచ్చింది. బిల్లింగ్ కౌంటర్లో వేసుకునే నీలం కోటుతోనే వచ్చింది. ఆ నైలాను గుడ్డ కదిలితే చాలు, మైకులో గరగరమంటుంది. తీసేయమన్నాను. గాజులు తీయమన్నాను. గడియారం తీయమన్నాను. ఫ్యాను ఆపించాను.

"ఇంకేమి తియ్యల్ల మామా?" అని నవ్వింది. షణ్ముగప్రియ కూడా నవ్వింది. పాఠం చెప్పేటప్పుడు నవ్వులేమిటి?

నేర్పాను. మైకుకు ఎదురుగా ఊపకూడదు, గాలి కొడుతుంది. పక్కగా, గడ్డానికి కాస్త కిందుగా, మైకుకు జానెడు దూరంలో. మణికట్టుతో కాదు, మోచేతి నుంచి. ముందుకు వేసేటప్పుడు గట్టిగా, వెనక్కి తెచ్చేటప్పుడు మెత్తగా. శబ్దం పొడిగా కావాలంటే అరచేత్తో కప్పి పట్టుకోవాలి, విచ్చుకోవాలంటే వేళ్ల చివర పట్టుకోవాలి. ఇన్నీ చెప్పాను. ఎవడు చెబుతాడు ఇన్ని?

ఒక్కటి మాత్రం చెప్పలేదు. చెయ్యి ఆగాక గింజ వచ్చి షేకర్ లోపలి గోడకు తగులుతుంది. అంటే చప్పుడు చేతికన్నా వెనక వస్తుంది. హెడ్‌ఫోన్లో తాళానికి కొట్టే క్లిక్కుతో పాటే చెయ్యి ఊపితే పాట వెనకబడుతుంది. వెంట్రుకంత ముందుగా ఊపాలి. ఈ సంగతి చెప్పలేదు. మరిచిపోయాను.

షేకర్ కూడా రెండోదే ఇచ్చాను. పొల్లాచ్చి నుంచి తెచ్చిన కొబ్బరి చిప్పలతో రెండు చేసుకున్నాను. రాగులు పోసింది నా దగ్గర ఉంచుకుని, పెసలు పోసింది తనకిచ్చాను. పెసలు మొద్దుగా పలుకుతాయి. మొదటిసారికి అది చాలు.

తాళిగొలుసు గలగలమందని మోహన్‌రాజ్ టేకు ఆపాడు. గొలుసుకు తాళితో పాటు చిన్న సిలువ కూడా ఉంది, రెండూ తగులుకుంటున్నాయి. తీసి పక్కన పెట్టు అనబోయాను. అంతలోనే తను గొలుసును పైకి లాగి పళ్ల మధ్య కరిచి పట్టుకుంది. అలాగే కళ్లు మూసుకుని పాట మొత్తం వాయించింది. నేను కట్టిన తాళిని పళ్ల మధ్య బిగించి, నేను నేర్పిన విద్యను నా ఎదుటే వాయిస్తోంది.

పాట వెనకబడింది. అనుకున్నదే. షణ్ముగప్రియ "పరవాలేదు అక్కా, రేపు సూద్దాం" అంది. ఇవాళ రాత్రి నాకు బాగా నిద్రపడుతుంది.

అక్టోబరు 11

మరిచిపోయానంతే. గుర్తొస్తే చెప్పేవాణ్ణే.

అక్టోబరు 14, సోమవారం

ఏకు మేకైంది.

మలర్ హెడ్‌ఫోన్ పెట్టుకుంది, గొలుసు పళ్ల మధ్యకు వెళ్లింది, వేలితో సైగ చేసింది. మొదటి వరుస నుంచే గింజ సరిగ్గా క్లిక్కు మీద పడింది. వెనక్కి తెచ్చే ఊపు ఎంత మెత్తగా ఉందంటే, బియ్యం చెరిగేటప్పుడు చేటలోంచి వచ్చే చప్పుడులా ఉంది. పల్లవి ఎత్తుకోగానే ఎవరూ చెప్పకుండానే అరచెయ్యి తెరిచింది. శబ్దం విచ్చుకుంది. షణ్ముగప్రియ అద్దం అవతల లేచి నిలబడింది.

టేకు అయ్యాక అడిగాను. "ఎవరు సెప్పినారు నీకు, ముందుగా ఊపల్లని?"

"ఎవరు సెప్తారు? గింజ లేటుగా వస్తా ఉండాదని ఇంట్లో పెట్టుకోని వాయిస్తే తెలిసింది. నువ్వు వాయిచ్చేటప్పుడు చెయ్యి ముందే నిలిచిపోతాది కద మామా, అది గమనిచ్చినా."

"పెసలు మొద్దుగా పలకల్ల కద?"

"సగం తీసేసినా. ఆ పొద్దు సాంబారులో వేసినా" అని మళ్లీ నవ్వింది.

నా గింజలతో సాంబారు చేసి నాకే పోసింది. నేను లొట్టలేసుకుంటూ తిన్నాను.

అక్టోబరు 15

మోహన్‌రాజ్ ఇప్పుడు "మలరక్కా, టీ తాగినావా?" అంటున్నాడు. ఇన్నేళ్లలో నన్ను ఒక్కరోజు అడిగాడా?

అక్టోబరు 16

అడిగి ఉంటాడు. గుర్తులేదు.

అక్టోబరు 19, శనివారం

అమ్మతో చెప్పాను, కోడలు ఇల్లు పట్టించుకోవడం లేదని. అమ్మ వక్క నములుతూ నా వంక చూసింది. "ఇల్లు బాగాదా ఉండాది. నీ మొగమేరా బాగలేదు" అంది.

అమ్మ పేరు ఇరుళాయి. పేరులో ఇరులు, అంటే చీకటి, ఉన్నా కళ్లకు మాత్రం అన్నీ కనిపిస్తాయి.

ఇవాళ ఐదో పాట. నా వంతు నాలుగు టేకులు పట్టింది. భుజం ఒక్కటే కాదు, ఎడమ మోచెయ్యి కూడా లాగడం మొదలుపెట్టింది. మలర్ ఒకటే టేకులో ముగించి, గాజులు వేసుకుని, బస్సు దొరకదని వెళ్లిపోయింది. వెళుతూ నా భుజం మీద చెయ్యి వేసి, "నిదానంగా వాయించు మామా, యావత్తు సరిగా వస్తాది" అంది.

నాకు చెబుతోంది. నిదానంగా అట!

కడుపులో మంటగా ఉంది. ఇంకో మాట దొరకడం లేదు. తను బాగా వాయిస్తే మంట. బాగా వాయించి నన్ను ఓదారిస్తే ఇంకా మంట. పరాయివాడైతే బయట తిట్టుకుని తిరిగేవాణ్ణి. ఈమె పక్కనే పడుకుంటుంది.

అక్టోబరు 20, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. జ్వరం అని చెప్పాను. మలర్ గంజి కాచి పెట్టి వెళ్లింది. తాగలేదు. తరువాత తాగాను.

అక్టోబరు 22, మంగళవారం

రెండు చేతులు అతకడం లేదట, పాటల్లో ఒకటే ఉంచి ఆ ఒక్కరినే కచేరీలకు తీసుకెళతారట. ఎవరన్నది ఇవాళ తేలుతుందని మోహన్‌రాజ్ ఫోను చేశాడు. షణ్ముగప్రియ సాయంత్రం బస్సుకు మదురై వెళుతోంది. మలర్ షిఫ్టులో ఉంది. నేనొక్కణ్ణే వెళ్లాను.

లోపలికి అడుగు పెట్టగానే మోహన్‌రాజ్ ఎదురొచ్చాడు. "అన్నా, అంతా తేలిపోయింది. ఇంక కూసోని వినే పనేమీ లేదు. నామీద వదిలెయ్యి" అన్నాడు. అనేటప్పుడు నా కళ్లలోకి చూడలేదు.

నామీద వదిలెయ్యి! ఆ మాటకు అర్థం తెలియనంత వెర్రివాణ్ణా? నేను లేనప్పుడే ఇద్దరూ కూర్చుని మలర్ అని తేల్చేశారన్న మాట. నాకు మొహం మీద చెప్పలేక దాటవేస్తున్నాడు.

"తేలేది నా ఎదురుగా తేలల్ల" అన్నాను. "పాట పెట్టు. పేర్లు వద్దు. చెవులే సెప్పనీ."

"వద్దన్నా. సెప్పేది విను. నీకు మంచిదేదా..."

"పెట్టు తంబీ!"

అరిచాననుకుంటాను. షణ్ముగప్రియ లోపలి గదిలోంచి వచ్చి నిలబడింది. మోహన్‌రాజ్ ఆమె వంక చూశాడు, ఆమె తల ఊపింది. ఐదో పాట పెట్టాడు. మిగతా వాద్యాలన్నీ ఆపేసి రెండు షేకర్లే ఉంచాడు, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. ఈ స్టూడియోలో నా టేకు ఎప్పుడూ ఎడమకే వెళుతుంది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

ఎడమ చెవిలో చెయ్యి అద్భుతంగా ఉంది. గింజ తాళం మీద పడుతోంది, వెనక్కి వచ్చే ఊపు దూదిలా ఉంది. అది విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత నొప్పిలోనూ ఇలా వాయించానా అనుకున్నాను. కుడి చెవిలోది మాత్రం ఈడ్చుకుంటూ నడుస్తోంది.

ఇక నా నోరు ఆగలేదు. "ఎడం చెవిలోది సూడు, అదీ చెయ్యంటే" అన్నాను. "కుడి చెవిలోది విను. వెనక్కి వచ్చే ఊపు విరిగిపోతా ఉండాది. మొదటి చరణం దాటేలోపలే అలిసిపోయింది. ఆడమనిషి చెయ్యి కద, ఏమి చేస్తాది పాపం. ఊపిరి కూడా మైకులో వినిపిస్తా ఉండాది. ఇది స్టేజికి పనికిరాదు. ఇది తీసెయ్యి. ఎడమదే పెట్టు."

కళ్లు తెరిచాను. మోహన్‌రాజ్ నేల చూస్తున్నాడు.

"అన్నా" అన్నాడు చాలా మెల్లగా. "హెడ్‌ఫోను తిప్పి పెట్టుకోని ఉండావు."

తడిమి చూసుకున్నాను. హెడ్‌ఫోన్ వైరు ఎడమ వైపు నుంచి వేలాడుతుంది. భుజం పట్టుకున్నప్పటి నుంచీ నేను ఎడమ చేత్తో వాయిస్తున్నాను. వైరు ఆ చేతికి తగిలి చప్పుడు చేయకుండా హెడ్‌ఫోన్ తిప్పి, వైరు కుడి పక్కకు వచ్చేలా పెట్టుకోవడం అలవాటైపోయింది. ఇవాళ వాయించే పని లేదు, వినే పనే. అయినా చేతులు అలవాటు ప్రకారం తిప్పే పెట్టాయి. ఎడమ చెవిలో పలికింది కుడి టేకు. మలర్ టేకు.

ఈడ్చుకుంటూ నడిచింది నేను. ఆడమనిషి చెయ్యి నాది.

షణ్ముగప్రియ దగ్గరికొచ్చి చేతులు జోడించింది. ఆ పిల్ల వెక్కిరించడం లేదు, అదే ఇంకా బాధ. "నాకూ అదేదా తోచిందన్నా. పెద్దవారు, ఎట్ల సెప్పేదని ఊరకుండినా. మీరే సెప్పినారు. అక్క రాను అన్నా మీరే పంపల్ల" అంది.

తల ఊపాను. ఇంకేం చేయగలను? ఎవరు తవ్విన గోతిలో వారే పడతారంటారు. నేను తవ్వి, కొలత చూసి, దిగి పడుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

మలర్ షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు విడవకుండానే అడిగింది. "ఎవరిది పెట్టినారు మామా?"

"నీది."

మొహం పాలిపోయింది. సంతోషిస్తుందనుకున్నాను. "యాల? ఎవరు సెప్పినారు నాది పెట్టమని?"

"నేనుదా సెప్పినా."

అబద్ధం కాదు. ప్రతి మాటా నేనే చెప్పాను. ఎడమదే పెట్టు అని నా నోటితో చెప్పాను.

చెప్పులు విడిచింది. తరువాత నా కాళ్ల దగ్గర కూర్చుని, మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఏమైందని అడిగితే, "అత్తా, మామ తన ఎడాన్ని నాకు ఇచ్చేసినాడు" అంది. ఎడం అంటే మా మాటలో చోటు. అమ్మ వచ్చి నా తల నిమిరింది. నన్ను పెంచి పెద్దచేశాక అమ్మ ఇలా తల నిమరడం నాకు గుర్తులేదు.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. హెడ్‌ఫోన్ మాట నోటిదాకా వచ్చింది. అమ్మ చెయ్యి తల మీద ఉంది. ఊరుకున్నాను.

అక్టోబరు 27, ఆదివారం

పాస్టరు ప్రసంగంలో చెప్పేశాడు. మనలో ఒక సహోదరుడు భార్యకు దేవుడిచ్చిన వరాన్ని గుర్తించి తాను తగ్గించుకున్నాడు అని. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. మలర్ తలవంచుకుని నా చెయ్యి పట్టుకుంది. నొప్పి చెయ్యి.

బయటికొచ్చాక ముసలామె ఒకతె నా బుగ్గలు పట్టుకుని ముద్దుపెట్టింది.

అక్టోబరు 30

మలర్ మేడ మీద వాయించుకుంటోంది. రాగుల షేకర్ కూడా ఇచ్చేశాను. అడగలేదు, నేనే ఇచ్చాను. ఇప్పుడు నాకు మంచివాడిగా ఉండటం తప్ప దారి లేదు.

నవంబరు 5

బాగా వాయిస్తోంది. దేవుడా, ఎంత బాగా వాయిస్తోందో.

నవంబరు 8, శుక్రవారం

సింగానల్లూరు బస్టాండుకు వెళ్లి మలర్‌ను మదురై బస్సు ఎక్కించి వచ్చాను. ఆదివారం మొదటి కచేరీ.

బస్సు బయలుదేరడానికి ఇంకా టైముంది. సంచి సీటు మీద పెట్టి కిందికి దిగి వచ్చింది. మల్లెపూలవాళ్లు, నీళ్ల సీసాలవాళ్లు చుట్టూ అరుస్తున్నారు. ఇద్దరం గోడవారగా నిలబడ్డాం.

"మామా, నీ దగ్గర ఒకటి సెప్పల్ల" అంది. "కోపగించుకోవద్దు."

"సెప్పు."

"ఆ మంగళవారం, నిన్ను రమ్మనే ముందే నేను మోహన్‌రాజన్న దగ్గర సెప్పేసి ఉండినా. నా టేకులు అన్నీ తీసేయండి, మామదే పెట్టండి, కచేరికి నేను రాను అని. షణ్ముగప్రియ దగ్గరా సెప్పేసినా. ఆ పిల్లకి మనసు లేదు, అయినా సరి అంది. నీకు తెలియకూడదు, తెలిస్తే నొచ్చుకుంటావని ఒట్టు వేయించుకొనినా." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నువ్వు ఊరక ఉండి ఉంటే నీకేదా వచ్చి ఉండును మామా. కానీ నువ్వు పోయి, పాట పెట్టించి, నాదే కావాలని గొడవ సేసినావంట. మోహన్‌రాజన్న నిన్నదా సెప్పినాడు. హెడ్‌ఫోను పెట్టుకోని, కండ్లు మూసుకోని విని, కండ్లలో నీళ్లు పెట్టుకొనినావంట, నా చెయ్యి విని."

మోహన్‌రాజ్ అంతవరకే చెప్పాడు. మిగతాది దాచి నా పరువు కాపాడాడు. తేలిపోయింది, నామీద వదిలెయ్యి అన్నది నా కోసమే. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఈ బస్సులో ఆ సీటు నాది.

"తెలుసులే" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. నోరు అలా తిరిగింది.

"తెలుసా? నేను వదిలేసినానని తెలిసీ నువ్వు..."

"ఆమా, తెలుసు. తెలిసిదా సెప్పినా."

నడి బస్టాండులో, అందరూ చూస్తుండగా, నా నొప్పి భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. కండక్టరు ఈల వేశాడు. బస్సు ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను ఎడమ చెయ్యి ఊపాను.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. అమ్మ నాకిష్టమని కరువాడు, అదే ఎండుచేపల పులుసు పెట్టింది, అంత మంచి కొడుకును కదా. తను నా కోసం నిజంగా వదిలేసింది, ఎవరికీ చెప్పలేదు. నేనేమీ వదలలేదు, ఊరంతా మెచ్చుకుంది. చెయ్యి తన చెయ్యంత లేదన్న సంగతితో ఎలాగో బతకొచ్చుననుకున్నాను. ఇప్పుడు తన మనసును చూసి కూడా కుళ్లుకుంటున్నాను.